కింది తీగ చెప్పిన పాఠం

సినిమా పాట వినని వాళ్ళు మన హాస్టల్లో ఎవరూ లేరు. పాడింది ఎవరో చెప్పగలం. వేణువు ఎక్కడ మొదలైందో, తబలా ఎక్కడ ఆగిందో కూడా చెప్పగలం. కానీ అదే పాటను అడుగు నుంచి మోసే వాద్యం ఒకటి ఉంటుంది. దాన్ని గుర్తుపట్టమంటే మాత్రం మనలో చాలామంది తడబడతాం. అదే బేస్ గిటార్.

హైదరాబాద్‌లోని ఒక సంగీత పాఠశాల ఈ వాద్యం మీద ఒక ఆదివారం పూర్తిగా శిక్షణ తరగతులు పెట్టింది. విద్యార్థులకు రుసుము లేదని కరపత్రంలో చూసి మన హాస్టల్ నుంచి ముగ్గురం వెళ్ళాం. ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు వరకు నాలుగు తరగతులు జరిగాయి. వాద్యం ఎలా పనిచేస్తుంది, స్వరాలు ఎక్కడ ఉంటాయి, డ్రమ్స్‌తో కలిసి లయ ఎలా పట్టాలి, ఈ వాద్యం చరిత్ర ఏమిటి అనే వరుసలో సాగాయి. అక్కడ నేర్చుకున్నదానికి, తర్వాత చదివి తెలుసుకున్నదాన్ని కలిపి తమ్ముళ్ళకు, పూర్వ విద్యార్థులైన అన్నలకు ఈ వ్యాసంగా అందిస్తున్నాం.

"ఇవన్నీ మనకెందుకు? గ్రూప్స్‌కు పనికొస్తాయా?" అని అడిగే మిత్రులుంటారని మాకు తెలుసు. ఆ ప్రశ్నకు మా సమాధానం చివర్లో చెబుతాం.

గిటార్‌కు అన్నయ్య

చూడటానికి బేస్ గిటార్ మామూలు గిటార్ లాగే ఉంటుంది. కానీ మెడ పొడవు. తీగలు ఆరు కాదు, సాధారణంగా నాలుగే. అవి కూడా బాగా లావు. మామూలు ఎలక్ట్రిక్ గిటార్‌లో మోగే తీగ పొడవు దాదాపు 25 అంగుళాలుంటే, బేస్‌లో సాధారణంగా 34 అంగుళాలు ఉంటుంది. తీగల పేర్లు ఇ, ఎ, డి, జి. అన్నింటికంటే కింది స్వరం ఇచ్చే ఇ తీగ సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది. మామూలు గిటార్‌లోని అతి కింది తీగ సెకనుకు 82 సార్లు కంపిస్తుంది. అంటే బేస్ సరిగ్గా ఒక స్థాయి కింద ఉంటుందన్నమాట.

తీగలు అంత పొడవుగా, అంత లావుగా ఎందుకుండాలి? ఇంటర్ ఫిజిక్స్‌లో తీగల కంపన సూత్రాలు చదువుకున్నవారికి జవాబు తెలుసు. తీగ పొడవు పెరిగితే పౌనఃపున్యం తగ్గుతుంది. బరువు పెరిగినా తగ్గుతుంది. బిగువు తగ్గించినా తగ్గుతుంది కానీ, మరీ వదులు చేస్తే తీగ వేలాడిపోయి స్వరమే పలకదు. అందుకే బిగువు ఉంచి, ఉక్కు తీగ చుట్టూ మరో సన్నని తీగ చుట్టి బరువు పెంచుతారు. మార్కుల కోసం బట్టీ పట్టిన సూత్రం చేతివేళ్ళ కింద మోగుతుంటే మాకు చాలా ఆనందం వేసింది.

ఎలక్ట్రిక్ బేస్‌కు లోపల డొల్ల ఉండదు. చెక్క నిండుగా ఉంటుంది. కరెంటు లేకుండా మీటితే పక్కవాడికి కూడా సరిగా వినపడదు. తీగల కింద 'పికప్' అనే చిన్న పెట్టె ఉంటుంది. అందులో అయస్కాంతాలు, వాటి చుట్టూ రాగి తీగ చుట్ట ఉంటాయి. ఉక్కు తీగ ఊగినప్పుడు అయస్కాంత క్షేత్రం మారి, ఆ చుట్టలో సన్నటి విద్యుత్తు పుడుతుంది. దాన్ని ఆంప్లిఫయర్ పెద్దది చేస్తుంది. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణ ఇదే. ఆ ఫారడే ఒక కమ్మరి కొడుకు. చిన్నప్పుడు పుస్తకాలు బైండింగు చేసే దుకాణంలో పనికి కుదిరి, బైండింగుకు వచ్చిన పుస్తకాలే చదివి శాస్త్రవేత్త అయ్యాడు.

మరి ఇంత ముఖ్యమైన శబ్దం మనకు ఎందుకు వినపడదు? తప్పు మన చెవులది కాదు, మన స్పీకర్లది. కింది స్వరం పలకాలంటే స్పీకర్ చాలా గాలిని కదిలించాలి. సెల్‌ఫోన్‌లోని గోరంత స్పీకర్‌కు ఆ శక్తి లేదు. అది ఆ స్వరానికి పైనుండే అనుస్వరాలను మాత్రమే వినిపిస్తుంది. వాటిని బట్టి కింది స్వరాన్ని మన మెదడే ఊహించుకుంటుంది. అదే పాటను పెద్ద స్పీకర్‌లో వినండి. పాటకు పునాది పడినట్టు ఉంటుంది.

సరిగమల లెక్క

రెండో తరగతి స్వరాల గురించి. మెడ మీద అడ్డంగా లోహపు గీతలుంటాయి. వాటిని ఫ్రెట్లు అంటారు. ఒక్కో ఫ్రెట్ ఒక్కో స్వరస్థానం. పన్నెండు స్వరస్థానాలు దాటితే మళ్ళీ పై స్థాయి 'స' వస్తుంది. హార్మోనియం మెట్లు తెలిసినవారికి ఇది కొత్త కాదు.

ఇందులో చక్కని సౌకర్యం ఒకటుంది. ప్రతి తీగా దాని ముందు తీగకు శుద్ధ మధ్యమం అవుతుంది. అందువల్ల 'స' ఎక్కడ పెట్టుకున్నా మిగతా స్వరాల చోట్లు మారవు. 'స' కింద రెండు తీగల్లో ఒకదాని మీద ఉందనుకోండి. పక్క తీగ మీద అదే ఫ్రెట్‌లో 'మ' ఉంటుంది. పక్క తీగ మీద రెండు ఫ్రెట్లు ముందుకు జరిగితే 'ప'. ఒక తీగ దాటి ఆ పై తీగ మీద రెండు ఫ్రెట్లు ముందుకు జరిగితే పై 'స'. గాయకుడు శ్రుతి పెంచమంటే చేతిని మెడ మీద కాస్త జరిపితే చాలు, వేళ్ళ ఆకారం అదే. ఈ మూడు చోట్లు చేతికి అలవాటైతే ఎన్నో పాటలకు కింది స్వరం పట్టవచ్చని సార్ చెప్పారు.

తర్వాత సార్ ఒక ప్రయోగం చేయించారు. అందరినీ ఒకే స్వరం పట్టుకొని 'ఆ' అని ఆపకుండా పాడమన్నారు. ఆయన బేస్ మీద మొదట అదే స్వరం వాయించారు. మేము పాడుతున్నది ఇంట్లో కూర్చున్నట్టు స్థిమితంగా వినిపించింది. మా స్వరం మారలేదు. ఆయన మాత్రం కింద ధైవతానికి జరిగారు. వెంటనే మా 'ఆ'లో దిగులు వచ్చి చేరింది. ఎందుకంటే ఆ ధైవతాన్ని 'స' అనుకుంటే మేము పాడుతున్నది దానికి సాధారణ గాంధారం అవుతుంది. తర్వాత మధ్యమానికి జరిగారు. ఈసారి మా స్వరం దానికి పంచమమై విశాలంగా వినిపించింది. పాడుతున్నది ఒకటే స్వరం, అర్థాలు మూడు! పాటలో భావం పైన ఉన్న గొంతు ఒక్కటే నిర్ణయించదనీ, కింద ఉన్న స్వరం కూడా నిర్ణయిస్తుందనీ ఆ రెండు నిమిషాల్లో అర్థమైంది.

లయ పట్టడం

మధ్యాహ్నం భోజనాల తర్వాత డ్రమ్స్ వాయించే సార్ కూడా వచ్చారు. డ్రమ్స్‌లో కాలితో తొక్కి మోగించే పెద్ద డ్రమ్ము ఉంటుంది. బేస్ వాయించేవారు చెవి దాని మీద పెట్టాలి. ఆ దెబ్బా ఈ తీగా ఒకేసారి పడితే వినేవారికి రెండు శబ్దాలుగా కాక ఒకే గుండెచప్పుడుగా వినిపిస్తుంది. కొంచెం ముందు పడితే పాట పరుగెత్తుతుంది. కొంచెం వెనకపడితే ఈడుస్తుంది.

మాకు ఇచ్చిన కసరత్తు వింటే తేలిక, చేస్తే కష్టం. నిమిషానికి అరవై దెబ్బల వేగంలో ఒకే ఒక స్వరం పది నిమిషాలు వాయించాలి. అంతే. వేగం తక్కువైన కొద్దీ దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ ఎక్కువ. ఆ ఖాళీలోనే మనిషి దారి తప్పుతాడు. ఇంకో సంగతి, స్వరం మొదలుపెట్టడమే కాదు, ఎక్కడ ఆపాలో కూడా తెలియాలి. ఎడమచేతి వేలు కాస్త పైకి లేపితే శబ్దం ఆగుతుంది. ఆపడం రాకపోతే స్వరాలన్నీ ఒకదానిలో ఒకటి కలిసి మోత మిగులుతుంది.

ఈ కసరత్తు మా ముగ్గురిలో ఒకరికి అందరికంటే ముందు పట్టుబడింది. "ఎక్కడ నేర్చుకున్నావు బాబూ?" అని సార్ అడిగారు. "మా నాన్న డప్పు కొడతారు సార్" అని చెప్పడానికి వాడు ఒక క్షణం ఆగాడు. "అయితే సగం వచ్చేసినట్టే" అని సార్ తరగతి కొనసాగించారు.

ఆ క్షణం ఎందుకు ఆగాడో బయటివారికి తెలియకపోవచ్చు. ఈ హాస్టల్లో చదివినవారికి వివరించక్కరలేదు. చెక్క వలయానికి తోలు బిగించి, మంట దగ్గర కాచి, మెడకు తగిలించుకొని వాయించే డప్పులో ఎంత విద్య ఉందో మనకు తెలుసు. సిర్ర ముఖ్యమైన దెబ్బ వేస్తే సిటికెన పుల్ల మధ్య సందులను నింపుతుంది. నడుస్తూ, వంగుతూ, గంటల తరబడి లయ తప్పకుండా వాయించడం ఏ సంగీత పాఠశాల పరీక్షకూ తీసిపోదు. కానీ ఊళ్ళో చావైనా, జాతరైనా, చాటింపైనా కబురు మన వాడకే వచ్చేది. అది ఇష్టపడి చేసే పని కాదు, కులానికి అంటగట్టిన వెట్టి. కూలి అని లెక్కగట్టి ఇచ్చేది లేదు, కళ్ళంలో ఇన్ని గింజలు కొలిచేవారు. రానంటే ఊరంతా కక్షగట్టేది. అందుకే మన పెద్దలు చాలామంది డప్పును దించి, పిల్లల చేతికి పలక ఇచ్చారు. మా ఇళ్ళల్లో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం మేమే అయ్యామంటే ఆ నిర్ణయం వల్లనే.

అయితే ఆ పాఠశాలలో మాకు ఒక ఆలోచన వచ్చింది. పాటకు నడక ఇచ్చే పని, కింద ఉండి అందరినీ నిలబెట్టే పని, ఇక్కడ గౌరవంగా నేర్పుతున్నారు. మన ఇంట్లో అదే పని మనిషిని తక్కువ చేయడానికి వాడారు. తేడా ఎక్కడ వచ్చింది? సాయంత్రం చరిత్ర తరగతిలో దీనికి కొంత జవాబు దొరికింది.

పేరు వేయని వేలు

1950కి ముందు బ్యాండుల్లో కింది స్వరం ఇచ్చింది మనిషి ఎత్తుకు మించిన పెద్ద ఫిడేలు లాంటి డబుల్ బేస్. మోయడం కష్టం, డ్రమ్స్ మధ్య వినపడటం ఇంకా కష్టం. దానికి ఫ్రెట్లు ఉండవు కాబట్టి స్వరస్థానం చెవితోనే వెతుక్కోవాలి. 1930లలోనే అమెరికాలోని సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ అనే ఆయన చేతపట్టుకొనే ఎలక్ట్రిక్ బేస్ తయారుచేసినా అది వ్యాపించలేదు. 1951లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ తెచ్చిన 'ప్రెసిషన్ బేస్' ప్రపంచమంతా పాకింది. ఫ్రెట్ల వల్ల స్వరం కచ్చితంగా పలుకుతుందని ఆ పేరు. ఫెండర్ అంతకుముందు రేడియోలు బాగుచేసే దుకాణం నడిపిన మనిషి. ఆయనకు గిటార్ వాయించడం రాదు!

ఈ వాద్యంతో పాటల రూపాన్నే మార్చిన మనిషి జేమ్స్ జేమర్సన్. 1936లో అమెరికా దక్షిణాన సౌత్ కరోలినా రాష్ట్రంలోని ఎడిస్టో దీవిలో నల్లజాతి కుటుంబంలో పుట్టాడు. చిన్నప్పుడు వెదురు కర్రకు రబ్బరు కట్టి, నేలలో గుచ్చి, మీటుతూ చీమలను ఆడించేవాడినని చెప్పుకునేవాడట. 1954లో డెట్రాయిట్ నగరానికి వెళ్ళి, అక్కడి హైస్కూల్లో డబుల్ బేస్ నేర్చుకున్నాడు. కార్ల కర్మాగారంలో పనిచేసిన బెర్రీ గోర్డీ 1959లో ఆ ఊళ్ళోనే మోటౌన్ అనే రికార్డుల సంస్థను పెట్టాడు. జేమర్సన్ అందులో వాయిద్యకారుడిగా చేరాడు.

మోటౌన్ పాటలు అమెరికాను ఊపేశాయి. తెల్లవారి ఇళ్ళల్లోనూ నల్లవారి గొంతులు మోగాయి. వాటి కింద వినిపించే బేస్ ఎక్కువగా జేమర్సన్‌దే. కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. 1964 చివర వచ్చిన 'మై గర్ల్' అనే ప్రసిద్ధ గీతం ఆయన బేస్‌తోనే మొదలవుతుంది. అయినా ఏళ్ళ తరబడి రికార్డు అట్టల మీద వాయిద్యకారుల పేర్లు వేయలేదు. గాయకుల ఫోటోలు ఉండేవి. వాయించినవారు ఎవరో కొన్నవారికి తెలియదు. 1971లో మార్విన్ గే తన 'వాట్స్ గోయింగ్ ఆన్' రికార్డు మీద వాయించినవారి పేర్లు వేయించాడు. జేమర్సన్ పేరు అట్ట మీద కనిపించింది అప్పుడు. మరుసటి ఏడాది ఆ సంస్థ లాస్ ఏంజెలెస్‌కు తరలిపోయింది. జేమర్సన్ 1983లో నలభై ఏడేళ్ళ వయసుకే చనిపోయాడు.

ఆయన వాయించిన స్వరాలను ఒక్కొక్కటిగా విని రాసి, అలన్ స్లట్స్కీ 1989లో పుస్తకంగా తెచ్చాడు. 2000లో 'రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్' జేమర్సన్‌కు చోటు ఇచ్చింది. 2002లో ఆ పుస్తకం ఆధారంగా, మోటౌన్ వాయిద్యకారుల మీద డాక్యుమెంటరీ వచ్చింది. వాయించిన ముప్పై నలభై ఏళ్ళకు లోకం వాళ్ళ ముఖాలు చూసిందన్నమాట.

ఇలాంటివారు ఇంకా ఉన్నారు. క్యారల్ కే పేదరికంలో పెరిగి, పద్నాలుగేళ్ళ వయసులోనే గిటార్ పాఠాలు చెప్పి ఇల్లు ఆదుకున్న అమ్మాయి. 1963లో ఒక రికార్డింగుకు బేస్ వాయించేవారు రాకపోతే ఆ వాద్యం అందుకుంది. తర్వాత లాస్ ఏంజెలెస్ స్టూడియోల్లో వేలాది రికార్డింగులకు వాయించింది. ల్యారీ గ్రాహం తల్లితో కలిసి వాయించే బృందంలో డ్రమ్స్ మనిషి లేకుండా పోయినప్పుడు, ఆ లోటు తీర్చడానికి బొటనవేలితో తీగను కొట్టడం మొదలుపెట్టాడు. ఆ అవసరం నుంచే 'స్లాప్' అనే కొత్త పద్ధతి వ్యాపించింది. మన దేశంలో ముంబైకి చెందిన మోహినీ దే చిన్న వయసులోనే ఎ.ఆర్. రెహమాన్ బృందంలో బేస్ వాయించి పేరు తెచ్చుకుంది.

రాసిపెట్టిన స్వరం

తెలుగువారికి బేస్ గిటార్ రుచి చూపించిన సంగీత దర్శకుల్లో ముందు చెప్పుకోవలసింది ఇళయరాజా గారిని. ఆయన 1943లో తమిళనాడులోని పణ్ణైపురం అనే పల్లెలో పేద కుటుంబంలో పుట్టారు. అన్న పావలర్ వరదరాజన్ బృందంతో ఊరూరా తిరిగి వాయించారు. తర్వాత మద్రాసు చేరి ధన్‌రాజ్ మాస్టారు దగ్గర పాశ్చాత్య సంగీతం, స్వరలిపి నేర్చుకున్నారు. లండన్ ట్రినిటీ కాలేజీ వారి గిటార్ పరీక్షలో బంగారు పతకం పొందారు. 1976లో 'అన్నక్కిళి' అనే తమిళ చిత్రంతో సంగీత దర్శకుడయ్యారు.

ఆయన పద్ధతిలో మనం గమనించాల్సిన విషయం ఒకటుంది. పాటలో ప్రతి వాద్యం ఏం వాయించాలో ఆయన స్వరలిపిలో స్వయంగా రాసిస్తారు. బేస్ కూడా అంతే. అందుకే ఆయన పాటల్లో బేస్ ఒకే స్వరాన్ని పట్టుకొని కూర్చోదు. అడుగున తానొక రెండో పాట పాడుతుంది. వాటిని ఏళ్ళ తరబడి వాయించినవారిలో శశిధరన్ గారు ముఖ్యులు. 'గీతాంజలి' (1989) పాటలను పెద్ద స్పీకర్‌లో పెట్టి, గొంతును వదిలేసి కింది స్వరాన్ని మాత్రమే వినండి. ఇన్నేళ్ళూ విన్న పాటలోనే వినని పాట ఒకటి దొరుకుతుంది.

ఇక ఆ ప్రశ్నకు జవాబు

ముందు ఆచరణ సంగతి. "మా దగ్గర బేస్ లేదు సార్, ఎలా సాధన చేయాలి?" అని మేము అడిగాం. బేస్, దానికి ఆంప్లిఫయర్, రెండూ కలిపి వేల రూపాయల మాట. మెస్ బిల్లు లెక్కలు చూసుకొనే మనకు అది చిన్న సంగతి కాదు. సార్ చెప్పిన ఉపాయాలు ఇవి.

మొదటిది, మామూలు గిటార్‌లోని కింది నాలుగు తీగల పేర్లు బేస్ తీగల పేర్లే. కాబట్టి స్నేహితుడి గిటార్ మీద స్వరాల చోట్లన్నీ నేర్చుకోవచ్చు. రెండోది, గడియారంలో సెకన్ల ముల్లు చూస్తూ చప్పట్లు కొట్టండి. తర్వాత నాలుగు సెకన్లకు ఒక్క చప్పటే కొట్టండి. మధ్యలో మూడు సెకన్లు మనసులోనే లెక్కపెట్టాలి. మూడోది, ఒకే పాటను వారం రోజులు విని, కింది స్వరాన్ని నోటితో పాడండి. నోటితో పాడగలిగింది వేలికి వస్తుంది. పట్టుదల ఉన్నవారికి ట్రినిటీ, రాక్‌స్కూల్ సంస్థల పరీక్షలున్నాయి. వాటిలో బేస్‌కు ఒకటి నుంచి ఎనిమిది వరకు గ్రేడ్లు ఉంటాయి.

ఇక అసలు ప్రశ్న: ఇది మనకెందుకు? గ్రూప్స్ రాయవద్దని మేము అనడం లేదు. మేమూ రాస్తాం. ఇంట్లో మన జీతం కోసం ఎదురుచూసేవారున్నారు. కానీ వెట్టిని వదిలించుకునే క్రమంలో మనం విద్యను కూడా వదిలేశామేమో ఆలోచించాలి. తప్పు డప్పుది కాదు, దాన్ని వెట్టి చేసినవారిది. కింద ఉండి నడక ఇచ్చే పని గౌరవంగా మారాలంటే మూడు కావాలని ఈ చరిత్ర చెబుతోంది: చేసిన పనికి లెక్కగట్టిన కూలి, పదిమందికి నేర్పేలా రాసిపెట్టిన స్వరం, అచ్చులో వేసిన పేరు. జేమర్సన్‌కు మూడోది ఆలస్యంగా దొరికింది. మన తాతలకు ఏదీ దొరకలేదు.

మనం చేయగలిగినవి రెండున్నాయి. సెలవులకు ఊరు వెళ్ళినప్పుడు నాన్ననో, బాబాయినో, తాతనో కూర్చోబెట్టుకొని, వారికి తెలిసిన దరువులను నోటితో చెప్పించుకొని నోటుబుక్కులో రాసుకుందాం. వాయించేవారి పేరు, ఊరు కూడా రాద్దాం. రెండోది ఈ వార్షికోత్సవ కమిటీకి మా మనవి. కార్యక్రమ పత్రంలో గాయకుల పేర్లతో పాటు డప్పు, తబలా, కీబోర్డు వాయించిన తమ్ముళ్ళ పేర్లు, మైకు చూసుకున్నవారి పేర్లు, ఆ రోజు అందరికీ వండిపెట్టిన వంటవాళ్ళ పేర్లు కూడా అచ్చు వేయండి. ఒక పేజీ పెరుగుతుంది. ఆ పేజీ ఖర్చు మేము ముగ్గురం పెట్టుకుంటాం.